చైనాలో రాత్రి రైళ్ల ప్రయాణం: తక్కువ పొగతో, తక్కువ చెత్తతో ఎలాగండి?

కొబ్బరాకు, అమలాపురం

అందరికీ నమస్కారమండి. వచ్చే ఏప్రిల్లో రెండు వారాలు చైనా వెళ్లాలనుకుంటున్నాం. ఇద్దరం పెద్దవాళ్లం, పదకొండేళ్ల బాబు, అయిదేళ్ల పాప. గ్వాంగ్‌జౌ, షియాన్, బీజింగ్, షాంఘై చూడాలి. ఊళ్ల మధ్య విమానం ఎక్కకుండా రాత్రి రైళ్లలోనే తిరగాలని గట్టిగా అనుకున్నాం. లంకలు కోసుకుపోవడం, అంతర్వేది దగ్గర సముద్రం లోపలికి రావడం కళ్లారా చూస్తున్నవాళ్లం కదా, సరదా ప్రయాణానికైనా లెక్క చూసుకోవాలనిపిస్తోంది.

తెలియనివి చాలా ఉన్నాయి. రైళ్లలో జి, డి, జెడ్, కె అని రకరకాలున్నాయట, వాటిలో దేనివల్ల కాలుష్యం తక్కువ? గట్టి బెర్త్, మెత్తటి బెర్త్ అంటే ఏమిటి? కుళాయి నీళ్లు తాగకూడదంటున్నారు, మరి రోజూ ప్లాస్టిక్ సీసాలు కొనకుండా నలుగురికీ ఎలా గడుస్తుంది? మాలో ఇద్దరం మాంసం, గుడ్డు ముట్టం. రైల్లో డబ్బా భోజనం కాకుండా ఏం తినొచ్చు?

ఎక్కడ జాగ్రత్త పడితే నిజంగా తేడా వస్తుందో, ఎక్కడ మన తృప్తి కోసమే చేస్తామో విడమరిచి చెబితే మేలండి.


పట్టాలెంబడి, రాజమండ్రి

కొబ్బరాకు గారూ, ముందు పెద్ద లెక్క చూద్దామండి. మీ ప్రయాణంలో సింహభాగం పొగ చైనా రైళ్లది కాదు, మిమ్మల్ని అక్కడ దింపి మళ్లీ తీసుకొచ్చే విమానానిది. విమానంలో ఒక మనిషికి కిలోమీటరుకు సుమారు 90 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అన్నది ప్రపంచ సగటు. హైదరాబాదు నుంచి సింగపూరు మీదుగా గ్వాంగ్‌జౌ వెళ్తే ఒకవైపే దాదాపు 6,000 కిలోమీటర్లు, అంటే మనిషికి 540 కిలోలు. కోల్‌కతా నుంచి నేరుగా అయితే సుమారు 2,550 కిలోమీటర్లు, 230 కిలోలు. రానూపోనూ నలుగురికీ కలిపితే తేడా రెండున్నర టన్నుల దాకా వస్తుంది. చైనాలో మీరు పడే జాగ్రత్తలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క నిర్ణయం ఒక ఎత్తు. 2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరు 26న కోల్‌కతా–గ్వాంగ్‌జౌ మార్గంతోనే మళ్లీ మొదలయ్యాయి. గ్వాంగ్‌జౌ వెళ్లాలంటే మన గోదావరి వాళ్లకు ఇదే దగ్గరి దారి. అమలాపురం నుంచి బస్సులో రాజమండ్రి, అక్కణ్ణుంచి రైల్లో హౌరా సుమారు 1,080 కిలోమీటర్లు, మొత్తం కరెంటు లైనే.

ఇక్కడ చాలామంది తప్పులో కాలేసేది ఒకచోట. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు హౌరా దాకా పోదు, షాలిమార్ స్టేషన్లో ఆగిపోతుంది. అక్కడ మెట్రో లేదు. హౌరా వెళ్లే ఫలక్‌నుమా లాంటి బండి పట్టుకుంటే స్టేషన్ కిందే మెట్రో గ్రీన్ లైన్ ఉంటుంది. ఎస్‌ప్లనేడ్‌లో దిగి బ్లూ లైన్ ఎక్కాలి, నోవాపాడాలో మారి యెల్లో లైన్ ఎక్కితే విమానాశ్రయంలోనే దిగుతారు. యెల్లో లైన్ విమానాశ్రయం దాకా 2025 ఆగస్టులో తెరిచారు. కాకపోతే రైలు, విమానం ఒకే రోజు పెట్టుకోకండి. ఖుర్దా రోడ్, ఖరగ్‌పూర్ మధ్య బండి నాలుగు గంటలు ఆలస్యమైందంటే మొత్తం ప్రయాణం తల్లకిందులవుతుంది. ఒక రోజు ముందే చేరండి.

ఇప్పుడు చైనా రైళ్లు. జి అంటే గంటకు 300 నుంచి 350 కిలోమీటర్ల బండి, పగటిపూట, అన్నీ సీట్లు. డి అంటే 200, 250 వేగంతో పోయేది. వీటిలో కొన్ని రాత్రిపూట బెర్తులతో నడుస్తాయి. జెడ్ బండ్లు 160 దాకా పోతాయి, తక్కువ చోట్ల ఆగుతాయి. టి 140, కె 120. అక్షరం లేకుండా ఉత్త అంకెలతో ఉన్నవి పాసింజర్లు. వేగం రెట్టింపైతే గాలి వెనక్కి నెట్టే బలం నాలుగింతలవుతుంది కాబట్టి, 320లో పోయే బండి కంటే 160లో పోయే బండి కిలోమీటరుకు చాలా తక్కువ కరెంటు తింటుంది. చైనా రైలు మార్గాల్లో నాలుగింట మూడు వంతులు విద్యుదీకరణ అయినవే. కానీ ఆ కరెంటులో సగానికి పైగా బొగ్గు నుంచే వస్తోంది. రైలంటే పొగే లేదనుకోవద్దు, విమానంతో పోలిస్తే బాగా తక్కువ, అంతే.

బండి రకం కన్నా బెర్త్ రకం దగ్గర తేడా ఎక్కువ. గట్టి బెర్త్ (యింగ్‌వో) బోగీలో 66 మంది పడుకుంటారు. తలుపుల్లేని అరలు, ఒక్కో అరలో ఆరుగురు. మన త్రీ ఏసీ తెలిసినవాళ్లకు కొత్తేమీ ఉండదు, పైగా పరుపు ఉంటుంది, పేరుకే గట్టిది. మెత్తటి బెర్త్ (రువాన్‌వో) బోగీలో 36 మందే, నలుగురికి ఒక గది, తలుపు వేసుకోవచ్చు. బోగీ బరువు దాదాపు ఒకటే, ఏసీ ఒకటే, లాగే ఇంజనూ ఒకటే. అదే కరెంటును 66 మంది పంచుకోవడానికీ 36 మంది పంచుకోవడానికీ తేడా చూడండి: మెత్తటి బెర్త్ తీసుకున్న మనిషి వాటా 1.8 రెట్లు. ఇద్దరే ఉండే ఖరీదైన గదులు కొన్ని బండ్లలో ఉన్నాయి, వాటి సంగతి ఇంకా దారుణం. బీజింగ్–షియాన్ మధ్య జెడ్ బండ్లలో గట్టి బెర్త్ 260, 270 యువాన్ల దగ్గర, మెత్తటిది 400 పైమాట. యువాన్ సుమారు 12, 13 రూపాయలు. డబ్బు లెక్కా పొగ లెక్కా ఇక్కడ ఒకే వైపు మొగ్గుతున్నాయి.

ఇంకో లోపలి సంగతి. పాత 25జి బోగీల బండ్లలో కొన్నిటికి లైట్లు, ఏసీకి కరెంటు డీజిల్ జనరేటర్ బోగీ నుంచి వస్తుంది. జెడ్ బండ్లలో ఎక్కువగా ఉండే 25టి బోగీలు ఇంజన్ ద్వారా పైతీగ నుంచే తీసుకుంటాయి. మన దగ్గర హెడ్ ఆన్ జనరేషన్ అంటారే, అదే పద్ధతి. కాబట్టి ఒకే ఊరికి జెడ్, కె రెండూ ఉంటే జెడ్ చూసుకోండి.

అలాగని ప్రతిదానికీ రాత్రి బండే అని పట్టుబట్టకండి. జి బండి రెండో తరగతిలో వరసకి అయిదుగురు కూర్చుంటారు, బోగీకి ఎనభై తొంభై మంది. వేగం వల్ల పెరిగే ఖర్చులో కొంత అక్కడ సర్దుకుంటుంది. మూడు నాలుగు గంటల దూరానికి పగటి జి బండి తీసుకున్నా పాపం లేదు. రాత్రి బండి గెలిచేది 1,000 నుంచి 1,800 కిలోమీటర్ల మధ్య. ఆ దూరాల్లో జనం విమానం వైపు చూస్తారు, పైగా ఒక హోటల్ రాత్రి, దాని ఏసీ, దాని దుప్పట్ల ఉతుకుడు తప్పుతాయి. షాంఘై–షియాన్ సుమారు 1,500, షియాన్–బీజింగ్ సుమారు 1,200, రెండూ ఒక్కో రాత్రికి అతికినట్టు సరిపోతాయి. గ్వాంగ్‌జౌ–షాంఘై 1,800కి కాస్త అటూఇటూ. గ్వాంగ్‌జౌ–బీజింగ్ మాత్రం 2,300, జెడ్ బండిలో ఒక రాత్రితో పాటు చాలా పగలు కూడా పోతుంది. అందుకని గ్వాంగ్‌జౌ, షాంఘై, షియాన్, బీజింగ్ వరసలో వెళ్లి, ఆఖర్న ఒక్కటే పొడుగు బండి పెట్టుకోండి. ఆ చివరి దానికి రాత్రి నడిచే డి బండి ఉందేమో మీరు ఎక్కే రోజుకి చూసుకోండి, అవి వారంలో అన్ని రోజులూ నడవవు.


కుంపటి, పాలకొల్లు

నీళ్లూ తిండీ గురించి రాస్తానండి.

చైనా రైళ్లలో ప్రతి బోగీ చివర వేడినీళ్ల బాయిలర్ ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు. స్టేషన్ వెయిటింగ్ హాళ్లలోనూ ఉంటుంది. హోటల్ గదిలో కెటిల్ ఉంటుంది. ఈ మూడూ తెలుసుకుంటే రెండు వారాలూ ఒక్క సీసా కొనక్కర్లేదు. నలుగురికి లీటరు ఫ్లాస్కులు రెండు, మనిషికొకటి చొప్పున అరలీటరు మామూలు స్టీలు సీసాలు చాలు. ఫ్లాస్కు ఒక్కటే పెట్టుకుంటే చిక్కేమిటంటే, తెల్లారేదాకా నీళ్లు పొగలు కక్కుతూనే ఉంటాయి, పిల్లలు తాగలేరు, చివరికి సీసా కొంటారు. ఒంటిపొర స్టీలు సీసాల్లో రాత్రి పడుకోబోయే ముందు పట్టి పెడితే పొద్దుటికి చల్లారతాయి. పట్టేటప్పుడు అవి చేతిని కాలుస్తాయి, పాత సాక్సు ఒకటి తొడిగి పట్టుకోండి.

బాయిలర్ మీద రెండు దీపాలుంటాయి, ఒకటి కాగుతున్నప్పటిది, ఒకటి మరిగాక వెలిగేది. పొద్దున్న ఏడింటికి బోగీ అంతా ఒకేసారి టీకీ నూడుల్స్‌కీ ఎగబడుతుంది. అప్పుడు లోపలికి కొత్తగా చేరిన నీళ్లు మరగకుండానే కొంచెం గోరువెచ్చగా రావచ్చు. రెండో దీపం వెలిగేదాకా ఆగండి, లేదా ఆరు లోపే పట్టేసుకోండి. సీసా అంచుదాకా నింపకుండా రెండు వేళ్ల ఎడం వదలండి. బండి పట్టాలు మారేటప్పుడు కుదుపుకి చేతిమీద పడేది ఆ ఆఖరి నాలుగు చుక్కలే. పాపని బాయిలర్ దగ్గరికి పంపకండి. కొనుక్కున్న ప్లాస్టిక్ సీసాలో ఈ నీళ్లు పట్టకండి, ఆ పెట్ ప్లాస్టిక్ 70 డిగ్రీలు దాటితే మెత్తబడి ముడుచుకుపోతుంది.

తిండికి జెడ్, టి, కె బండ్లలో భోజనాల బోగీ ఉంటుంది. అక్కడ మూకుడులో అప్పటికప్పుడు వండి పళ్లెంలో పెడతారు. తోపుడు బండి మీద మీ బెర్త్ దగ్గరికొచ్చేది ప్లాస్టిక్ డబ్బా భోజనం. కాబట్టి సాయంత్రం ఆరు ప్రాంతంలో లేచి ఆ బోగీకి వెళ్లి కూర్చోండి, చెత్త అక్కడే తగ్గిపోతుంది. చెంచాలు ఇంటినుంచి తీసుకెళ్తే చెక్క పుల్లలూ అక్కర్లేదు. జి, డి బండ్లలో వండరు, వేడి చేసి ఇస్తారు. ఫోనులో ఆర్డరిస్తే ముందు స్టేషన్లో తెచ్చిచ్చే ఏర్పాటు కూడా ఉంది, కానీ అదంతా డబ్బా మీద డబ్బా, సంచిలో సంచి.

మాంసం ముట్టనివాళ్లు టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) అంటే శాకాహారమే అనుకుంటారు. కారం టోఫులో మాంసం ఖీమా వేయడం మామూలు. ఆకుకూర వేపుడు పంది కొవ్వుతో చేసి ఉండొచ్చు. "మాంసం, మాంసం కొవ్వు, గుడ్డు తినం, నూనెతో వండండి" అని చైనా భాషలో రాయించి ఫోనులో బొమ్మగా పెట్టుకోండి, రైల్లో సిగ్నల్ లేకపోయినా చూపించొచ్చు. ఉత్త అన్నం మాత్రం ఎక్కడైనా దొరుకుతుంది.

దాంతో పాటు అటుకులు. దొడ్డటుకులే తీసుకెళ్లండి. గ్లాసు అటుకులకి ముప్పావు గ్లాసు బాయిలర్ నీళ్లు, ఉప్పు వేసి స్టీలు డబ్బా మూతపెట్టి అయిదు నిమిషాలు, ఆపైన కందిపొడో వేరుశనగపొడో. పేపర్ అటుకుల మీద మరిగే నీళ్లు పోస్తే పిండిముద్దే. ఉప్మాకి బొంబాయి రవ్వ ఇంట్లోనే నూనెలో పోపుతో సహా బాగా ఎర్రగా వేయించి పొడిగా పట్టుకెళ్లాలి. 100 గ్రాముల రవ్వకి 250 మిల్లీలీటర్ల నీళ్లు. ఇక్కడ అసలు కిటుకు డబ్బాని ముందు వేడి చేయడం. వెడల్పు మూతి వాక్యూమ్ డబ్బాలో గ్లాసుడు వేడినీళ్లు పోసి రెండు నిమిషాలుంచి పారబోసి, అప్పుడు రవ్వా కొత్త నీళ్లూ కలిపి పది నిమిషాలు మూత తీయకూడదు. చల్లటి డబ్బాలో పోస్తే స్టీలే కొంత వేడి తాగేస్తుంది, రవ్వ పలుకు పలుకుగా పచ్చిగా ఉండిపోతుంది. ఇడ్లీ రవ్వ, బియ్యం ఈ పద్ధతికి లొంగవు. రైస్ కుక్కర్, నీళ్లు కాచే రాడ్ లాంటివి రైల్లో ప్లగ్గుకి పెట్టకూడదు, ఆ లైను ఫోను చార్జింగుకి ఉద్దేశించింది.

డబ్బాలు కడిగేటప్పుడు మెతుకులు వాష్‌బేసిన్లో వేయకండి. పులుసూ టీ ఆకులూ పోయడానికి బాయిలర్ పక్కనే వేరే తొట్టి ఉంటుంది.

కస్టమ్స్ మరిచిపోకండి. తాజా పళ్లు, కూరగాయలు, ఆకులు, విత్తనాలు, మాంసం, గుడ్లు, పాలతో చేసినవి చైనాలోకి తేనివ్వరు. కరివేపాకు రెబ్బలు, నెయ్యి సీసా, కోవా ఇంటిదగ్గరే వదిలేయండి. పొడులు ఒక్కోటి విడిగా, పేరు రాసిన పొట్లంలో ఉండాలి. బెల్లం వేరుశనగ ఉండలు బాగా నిలవుంటాయి.


కొబ్బరాకు, అమలాపురం

ఇంత వివరంగా రాసినందుకు చాలా సంతోషమండి. కోల్‌కతా దారి మా ఆలోచనలోనే లేదు. రెండు సందేహాలు. అయిదేళ్ల పాపతో తలుపు లేని బోగీ అంటే మా ఆవిడ జంకుతోంది, మెత్తటి బెర్త్ అయితే నలుగురికీ ఒక గది వస్తుంది కదా అంటోంది. పిల్లలకి టికెట్ల పద్ధతి ఏమిటి? అసలు టికెట్లు ఎప్పుడు, ఎలా తీసుకోవాలి?


కాలవగట్టు, భీమవరం

ముందు టికెట్లు. అధికారిక సైటూ యాపూ పేరు 12306, ఇంగ్లీషులో కూడా ఉంది. ప్రయాణం రోజుతో కలిపి 15 రోజుల ముందు అమ్మకం మొదలవుతుంది, అంతకుముందు ఎవరు "బుక్ చేశాం" అన్నా అది క్యూలో మీ పేరు పెట్టడమే. ఖాతా తెరిచాక పాస్‌పోర్ట్ ఫొటోలు పంపి ధ్రువీకరణ చేయించుకోవాలి. అది ఒక్కోసారి రోజులు పడుతుంది కాబట్టి అమ్మకం మొదలయ్యే రోజుకి రెండు వారాల ముందే ఆ పని ముగించండి. పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అలాగే, ఇంటిపేరు పెట్టెలో ఇంటిపేరే. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అక్కడే ఆగిపోతుంది. అలాంటప్పుడు విదేశీయులకు టికెట్లమ్మే యాప్‌లో కొంత కమిషన్ ఇచ్చి తీసుకోవడం సుఖం. చెల్లింపుకి అలీపే అనే చైనా యాప్‌లో మీ వీసా, మాస్టర్ కార్డు ముందే జతచేసుకోండి. 200 యువాన్లు దాటిన ఒక్కో చెల్లింపుకి 3 శాతం రుసుము పడుతుంది. యూపీఐని నమ్ముకుని వెళ్లకండి.

కాగితం టికెట్ లేదు, పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేట్లలో కొన్ని పాస్‌పోర్ట్ చదవవు. అప్పుడు వరసలో చివర మనిషి కూర్చున్న గేటుకి వెళ్లాలి. బండి కదలడానికి అయిదు నిమిషాల ముందు గేటు మూసేస్తారు, మన దగ్గరలా ప్లాట్‌ఫాం మీద పరిగెత్తి ఎక్కే వీలు లేదు. లోపలికి వచ్చేటప్పుడు సామాను స్కానర్ ఉంటుంది, నీళ్ల సీసా చూపించి ఒక గుక్క తాగమంటారు. గంట ముందు చేరండి.

పిల్లల సంగతి. ఆరేళ్లలోపు పాపకి విడిగా బెర్త్ అక్కర్లేదంటే ఉచితం, ఒక పెద్దకి ఒక పాప. అయినా బుక్ చేసేటప్పుడు ఆమె పాస్‌పోర్ట్ వివరాలు అందులో చేర్చాలి. ఆరు నుంచి పద్నాలుగు లోపు బాబుకి పిల్లల టికెట్. అది సగం ధర అనుకోకండి. జెడ్, కె బండ్లలో కూర్చునే ఛార్జీ మీదే సగం తగ్గుతుంది, బెర్త్ రుసుము పూర్తిగా కట్టాలి. బెర్త్ వెడల్పు 60 సెంటీమీటర్లు. అయిదేళ్ల పాపతో కలిసి ఒకరు పడుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు. వరసగా మూడు నాలుగు రాత్రులున్నాయి కాబట్టి పాపకీ పిల్లల టికెట్ తీసుకోండి.

గట్టిదా మెత్తటిదా అన్న దగ్గర పట్టాలెంబడి గారి లెక్కతో పేచీ లేదండి, 66కీ 36కీ తేడా తేడాయే. అయితే ఆ 1.8 రెట్లు రైలు పొగ మీద, విమానం పొగ మీద కాదు. పాప నిద్రపోక రెండో రాత్రికే విసిగిపోయి మిగతా దూరాలకి విమానం ఎక్కితే మొదటికే మోసం. పొడుగ్గా ఉన్న ఆఖరి బండికి మెత్తటి గది తీసుకుని, మిగతా మూడూ గట్టి బెర్తులు తీసుకోవడం నాకు సబబుగా తోస్తోంది. గట్టి బెర్త్ బోగీలో అర్ధరాత్రి గోల ఉండదు. పది గంటలకు లైట్లు ఆర్పేస్తారు, ఆపైన నడవలో కాళ్ల దగ్గర చిన్న దీపాలే.

బెర్త్ నంబర్లు 1 నుంచి 22 దాకా, ప్రతి నంబరులో కింద, మధ్య, పైన అని మూడు. మీకు 9 నుంచి 14 మధ్య వస్తే బోగీ నడుమన ఉన్నట్టు. రెండు చివర్లా మరుగుదొడ్లు, బాయిలర్ దగ్గర రద్దీ, పైగా జెడ్, కె బండ్లలో బోగీల మధ్య సందులో సిగరెట్లు కాలుస్తారు. ఆ పొగ చివరి అరల్లోకి వస్తుంది. డి, జి బండ్లలో పొగతాగడం పూర్తిగా నిషేధం. పై బెర్త్‌లో పెద్దవాళ్లు నిటారుగా కూర్చోలేరు, నిచ్చెన సన్నం. పాపకి కింద, ఎదురు కింద తల్లి, బాబుకి మధ్య. కింద బెర్త్ కొంచెం ఖరీదు, అడిగినా వస్తుందన్న భరోసా లేదు. అక్కడివాళ్లు పిల్లలున్నారంటే మార్చుకోవడానికి సాధారణంగా ఒప్పుకుంటారు. పగలు కింద బెర్త్ అందరూ కూర్చునే బల్ల, దానికి సిద్ధపడండి. నడవ కిటికీ పక్కన మడత సీట్లున్నాయి.

సామాను పెద్దవాళ్లకి 20 కిలోలు, పిల్లలకి 10. పెట్టె పొడుగు, వెడల్పు, ఎత్తు కలిపి జెడ్, కె బండ్లలో 160 సెంటీమీటర్లు, డి, జి బండ్లలో 130 దాటకూడదు. ఆరు సెంటీమీటర్లు దాటిన కత్తి తీసేసుకుంటారు. స్ప్రే డబ్బాలు ఒక్కోటి 150 మిల్లీలీటర్లలోపే. పవర్ బ్యాంకు 100 వాట్-అవర్ల లోపు, అంటే 20,000 ఎంఏహెచ్‌ది నిక్షేపంగా వెళ్తుంది, అంకెలు చెరిగిపోకుండా ఉండాలి. వోల్టేజీ 220, దాదాపు మనలాగే, ప్లగ్గు పిన్నులు వేరు, అడాప్టర్ కావాలి. పాత బోగీల్లో ప్లగ్గులు తక్కువ.

ఏప్రిల్ 5 ప్రాంతంలో చింగ్‌మింగ్ పండగ సెలవులు, మే 1 నుంచి కార్మిక దినోత్సవం సెలవులు. ఆ రోజుల్లో బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి, దొరక్క జనం విమానాలెక్కుతారు. మీ ప్రయాణం ఏప్రిల్ 8, 26 మధ్యలో సర్దుకోండి. దొరకకపోతే 12306లోనే వెయిటింగ్ లిస్టు ఉంది, డబ్బు ముందే తీసుకుంటారు, రాకపోతే తిరిగిచ్చేస్తారు. టికెట్ రద్దు చేస్తే 8 రోజుల ముందైతే ఏమీ కోయరు. 48 గంటల పైన 5 శాతం, 24 నుంచి 48 గంటల మధ్య 10, ఆ లోపు 20.


రేవుదాటి, నర్సాపురం

చిన్న చిన్నవి కలుపుతానండి. బోగీలో చెత్త వేరు చేయరు. చిన్న బల్ల మీద ఒక పళ్లెం ఉంటుంది, అటెండెంటు పెద్ద సంచితో వచ్చి అన్నీ అందులోనే పోసుకుంటారు. ఊళ్లలో మాత్రం నాలుగు తొట్లు: నీలం మళ్లీ వాడుకునేవి, ఆకుపచ్చ వంటింటి చెత్త, ఎరుపు బ్యాటరీల్లాంటి ప్రమాదకరమైనవి, బూడిదరంగు మిగతావి. షాంఘైలో రంగులు కాస్త వేరు, అక్కడ వంటింటి చెత్తది గోధుమరంగు, మిగతావాటిది నలుపు. ఆ ఊళ్లో 2019 జులై 1 నుంచి ఇది చట్టం. అదే రోజు నుంచి అక్కడి హోటళ్లు టూత్‌బ్రష్, దువ్వెన, రేజర్ లాంటివి అడగందే ఇవ్వడం లేదు, మీవి మీరు తీసుకెళ్లండి.

సబ్బు బిళ్ల రేకు డబ్బాలో పెట్టుకుంటే ద్రవాల గొడవా ఉండదు, చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాలూ ఉండవు. రైలు మరుగుదొడ్లో కాగితం ఉంటుందన్న నమ్మకం లేదు, మగ్గు అసలే ఉండదు. మడతపెట్టే రబ్బరు మగ్గు ఒకటి, తుండు ఒకటి వేరే సంచిలో. ఒక పల్చటి నేత దుప్పటి మనిషికొకటి. మధ్య స్టేషన్లో ఎక్కితే ఆ బెర్త్ మీది పక్కబట్ట ముందు ప్రయాణికుడు వాడినదే కావచ్చు.

పళ్లు బజారులో విడిగా దొరుకుతాయి. గుడ్డసంచి ముందుకు చాచి "బుయావ్ దాయ్‌త్స" అంటే సంచి వద్దని అర్థం. కొట్లలో ప్లాస్టిక్ సంచికి 2008 జూన్ నుంచి డబ్బు తీసుకుంటున్నారు గాని, బండ్ల మీద అమ్మేవాళ్లు అడక్కుండానే రెండు సంచులు తగిలిస్తారు.


కొబ్బరాకు, అమలాపురం

అందరికీ దండాలండి, ఇక ఆఖరి ప్రశ్న. గ్వాంగ్‌జౌలో దిగాక షాంఘై బండి బైయున్ స్టేషన్ నుంచి అని చూపిస్తోంది. విమానాశ్రయం పేరూ బైయునే కాబట్టి స్టేషన్ అక్కడే ఉంటుందా?


పట్టాలెంబడి, రాజమండ్రి

లేదండి, పేరొక్కటే ఒకటి. విమానాశ్రయం ఊరికి ఉత్తరాన చాలా దూరం. బైయున్ స్టేషన్ ఊళ్లోనే, 2023 డిసెంబరులో తెరిచారు. రాత్రి బండ్లు చాలావరకు అక్కడికి మారాయి. విమానాశ్రయం నుంచి మెట్రో మూడో లైను ఎక్కి, ఊళ్లో మారి వెళ్లాలి. గ్వాంగ్‌జౌ, గ్వాంగ్‌జౌ దక్షిణం, గ్వాంగ్‌జౌ తూర్పు అని ఇంకో మూడు పెద్ద స్టేషన్లున్నాయి, టికెట్ మీద ఏది రాసుంటే అదే. షియాన్‌లోనూ అంతే. రాత్రి జెడ్ బండ్లు పాత షియాన్ స్టేషన్ నుంచి, అది కోటగోడ పక్కనే. జి బండ్లు షియాన్ ఉత్తరం నుంచి, అది ఊరి చివర. షాంఘైలో హాంగ్‌చియావ్ ఎక్కువగా వేగం బండ్లది, షియాన్ వెళ్లే రాత్రి బండ్లకి మామూలు షాంఘై స్టేషనే చూసుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి. మీ విమానం తెల్లవారకముందే దిగేలా ఉంటే, మెట్రో ఆరు ప్రాంతంలో గాని మొదలవదు. ట్యాక్సీ తీసుకోకుండా అక్కడే కూర్చుని పిల్లల్ని కునుకు తీయనివ్వండి. ఫ్లాస్కులు భద్రతా తనిఖీ కోసం ఖాళీ చేసుంటారు కదా, విమానాశ్రయంలో వేడినీళ్ల కుళాయి చూసుకుని నింపుకోండి. మొదటి రాత్రి గ్వాంగ్‌జౌలోనే ఉండి, షాంఘై బండి రెండో రోజుకి పెట్టుకోండి. విమానం ఆలస్యమైనా టికెట్ పోదు.